మూగనోము పట్టిన ఉపదేశి వెంట

"మీ బావ మాట్లాడటం లేదు. వెంటనే బయల్దేరి రా" అని మా అక్క ఆరోగ్యమ్మ నందిగామ నుంచి కార్డు రాసింది. డెబ్భైల చివర్లో మాట. మా ఇంట్లో ఆ కార్డు చదివినవాళ్ళెవరూ నమ్మలేదు. అక్కకి మతిపోయిందేమోనన్నారు గానీ బావ నోరు మూతపడిందంటే ఒప్పుకోలేదు.

మా బావ ఇన్నయ్య నందిగామ విచారణలో ఉపదేశి. విచారణ అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే ఊళ్ళన్నీ. ఫాదర్ గారు ఒక్కరు, ఊళ్ళు బోలెడు. ఆయన రాని రోజుల్లో ఊరూరా సైకిలు మీద తిరిగి జపాలు చెప్పించటం, పాటలు నేర్పటం, పెళ్ళి చాటింపులు చదవటం, చావు ఇంటి ముందు నిలబడటం ఉపదేశి పని. అంటే మాట్లాడటమే ఉద్యోగం. బావ ఆ ఉద్యోగాన్ని సెలవులు లేకుండా చేసేవాడు. నిద్రలో ప్రార్థన మొదలెడితే ఆమెన్ అనేదాకా ఆగడని అక్క చెబుతుంది.

రెండో కార్డులో సంగతి తెలిసింది. బెజవాడలో డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూసి, లోపల చిన్న చిన్న కాయలు లేచాయి, నెలరోజులు నోరు విప్పకూడదు, విప్పితే ఆపరేషనే అన్నాడట. గుసగుసలు కూడా పనికిరావట. అసలే రెండు వారాల్లో మేత్రాణులు, అంటే బిషప్పు గారు, విచారణకి వస్తున్నారు. పిల్లలకి భద్రమైన అభ్యంగనం, అంటే నుదుట తైలం రాసి విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం, ఇస్తారు. ఊరేగింపు, నాటకం, ఆటల పోటీలు. ఆ కబురు ఊరూరా చెప్పాలి. చెప్పే నోరేమో సెలవు పెట్టింది.

నేను నరసాపురం దగ్గర ఓ హైస్కూల్లో డ్రిల్లు మాస్టార్ని. నా గొంతు గురించి నేను చెప్పుకోకూడదు గానీ, మా హెడ్మాస్టరు గారు విజిలు కొనే ఖర్చు మిగిలిందని నలుగురిలో చెబుతుంటారు. భక్తి సంగతంటారా, ఆదివారం మా ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసి చేతిలో పెడితే గుడికి వెళ్తా. పెట్టకపోతే వెతుక్కోను. అలాంటివాణ్ణి ఉపదేశికి గొంతుగా వెళ్ళా.

బెజవాడ దాటాక

బెజవాడ దాకా రైలు, అక్కణ్ణించి హైదరాబాదు రోడ్డు మీద బస్సు. ఇబ్రహీంపట్నం దాటేసరికి కళ్ళకి ఏదో తక్కువైనట్టు అనిపించింది. కాసేపటికి గానీ తెలియలేదు, కాలవ లేదు! మా వైపు ఎటు చూసినా పక్కన ఓ కాలవో బోదో నడుస్తుంటుంది. ఇక్కడ నల్లరేగడి, మిరపచేలు, పత్తి, మధ్యమధ్య తాటిచెట్లు. పరిటాల దాటాక కళ్ళాల్లో ఎర్రగా పరిచి ఉంటే ఎవరో పెళ్ళికి తివాచీలు వేశారనుకున్నా. మిరపకాయలు. బస్సంతా ఒక్కసారి తుమ్మింది.

పక్కసీటు పెద్దాయన తలపాగా సర్దుకుని, "ఏ ఊరండీ?" అన్నాడు.

"నరసాపురం అవతలండి. ఆయ్."

"ఆయ్ అన్నారు. గోదారోళ్ళే." నా సంచీ వంక చూశాడు. "మీ దగ్గర నీళ్ళెక్కువో మాటలెక్కువో మాకు తేలలేదండీ ఇంతవరకూ."

"మీ దగ్గరో?"

"కారం ఎక్కువ. మాట కూడా అందులోనే ముంచి ఇస్తాం."

కంచికచర్లలో ఆయన నాకు టీ ఇప్పించాడు. పావలా టీ. మా వైపు గ్లాసుకి సగం ఉంటుంది, ఇక్కడ నిండుగా సాసరులోకి కూడా పొర్లింది. డబ్బులు నేనిస్తానంటే, "మా మెట్టకి వచ్చి మీరిస్తారా?" అని కోప్పడ్డాడు. కీసర దగ్గర మునేరు మీదుగా వెళ్తుంటే నేను కిటికీలోంచి వంగి చూశా. ఏటి నిండా ఇసకే. మధ్యలో ఓ పాయ సన్నగా పోతోంది. "ఇదే మా మునేరు" అని ఆయన ఎంత గర్వంగా చూపించాడంటే, గోదావరి గురించి ఒక్క ముక్క అనలేకపోయా.

నందిగామలో పలక

బస్టాండులో బావ నిలబడి ఉన్నాడు. మెళ్ళో దారం కట్టిన పలక, జేబులో బలపాలు. నన్ను చూడగానే కావలించుకుని, పలక మీద గబగబా రాశాడు: "ప్రయాణం బాగా సాగిందా? అత్తగారికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మీ ఊరి గుడికి సున్నం వేశారా?" పలక నిండిపోయింది. నేను జవాబు చెప్పేలోగా పైపంచెతో తుడిచి మళ్ళీ మొదలెట్టాడు. ఇంటికి చేరేసరికి పంచె చివర తెల్లగా అయిపోయింది, నేను మూడు ప్రశ్నలకి మాత్రమే జవాబు చెప్పగలిగా.

అక్క కాళ్ళకి నీళ్ళిచ్చి, గొంతు తగ్గించి, "ఒరే చిన్నప్పా, ఈ ఇంట్లో నా మాట నాకు వినపడి ఎన్నేళ్ళయిందో! ఆయన్ని మరీ తొందరగా బాగుచేయించకు" అంది. నవ్వుతూనే అంది. కానీ లోపలికి వెళ్ళి ఆయనకి పసుపు వేసిన పాలు కాచి, గుక్కగుక్కకీ దగ్గరుండి తాగించింది.

భోజనంలో జొన్నన్నం, పండుమిరపకాయ గోంగూర పచ్చడి. అక్క కూడా మా అమ్మ చేతి వంట తిని పెరిగిన మనిషేగా, ఎంత కారం వేస్తుందిలే అనుకుని పెద్ద ముద్ద కలిపా. మొదటి ముద్దకి చెవులు మూసుకుపోయాయి. రెండో ముద్దకి మా నాన్న గుర్తొచ్చాడు. బావ పలక మీద "వెన్న?" అని రాసి చూపించాడు. నాకూ ఆ పూట మాట రాలేదు, పలక లాక్కుని "చాలా" అని రాశా.

సాయంత్రం గుడికి తీసుకెళ్ళాడు. గుడి ముందు ఆవరణంతా మిరపకాయలే. కోతల రోజుల్లో కళ్ళం లేనివాళ్ళు గుడి ముందు ఆరబోసుకోవటం అక్కడి ఆనవాయితీ. ఫాదర్ గారు తుమ్ముతూ జపమాల చెబుతున్నారు, జనం తుమ్ముతూ అందుకుంటున్నారు. ఈయన మలయాళీ, తెలుగు వచ్చి మూడేళ్ళయిందట. "మేత్రాణులు వచ్చేలోపు ఇవి ఎత్తించాలి. లేకపోతే ఆయన దీవిస్తారో తుమ్ముతారో తెలియదు" అన్నారు నాతో.

తర్వాత అసలు సంగతి చెప్పారు. గుడిలో పెళ్ళి జరక్కుండా కాపురాలు పెట్టినవాళ్ళు విచారణలో పది జంటలు. మేత్రాణులు వచ్చేలోగా అందరి పెళ్ళిళ్ళూ సరిచేస్తానని బావ మాటిచ్చాడు. తొమ్మిది అయ్యాయి. పదోది గరికపాడులో ఉంది. అంతోని, రాహేలు. పదిహేనేళ్ళ కాపురం. పెద్దకూతురు ఈసారి అభ్యంగనం తీసుకుంటోంది, ఆ రోజు అమ్మానాన్న ఇద్దరూ తన పక్కన నిలబడాలని కోరిక. అంతోని సిద్ధమే. రాహేలు ససేమిరా అంటోంది.

"ఎందుకండీ?"

"తెలియదు. ఇన్నయ్య నాలుగుసార్లు వెళ్ళి నాలుగు గంటలు చెప్పి వచ్చాడు. ఆమె ఏమందని అడిగితే, 'ఆమె ఏమీ అనలేదు' అన్నాడు." ఫాదర్ గారు ముక్కు తుడుచుకుని నవ్వారు. "అనే సందు దొరికిందో లేదో!"

చందర్లపాడు దారిలో గుర్రాలు

మర్నాడు రెండు సైకిళ్ళ మీద చందర్లపాడు వైపు బయల్దేరాం. బావ రాసిస్తాడు, నేను అరుస్తా. మొదటి పల్లెలో రచ్చబండ దగ్గర పాతికమంది పోగయ్యారు. నేను గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ, "అందరూ సావధాన్!" అన్నా. ముసలివాళ్ళతో సహా అందరూ నిటారుగా నిలబడ్డారు. ఓ తాత చేతిలో చుట్ట కింద పడేశాడు. విశ్రామ్ అనటం మర్చిపోయి కబురంతా చెప్పేశా. చివర్లో ఓ అమ్మ, "ఇక కదలొచ్చాండీ?" అని అడిగింది.

రెండో ఊళ్ళో అసలు పొరపాటు. ఎండ మండిపోతోంది, బావ చేతి చెమటకి పలక మీద అక్షరాలు చెరిగాయి. ఆయన రాసింది, "మేత్రాణులతో ఇద్దరు గురువులు వస్తారు" అని. గురువులంటే ఫాదర్లే. నాకు కనిపించింది, ఇద్దరు గుర్రాలు. మనం బళ్ళో పంతుళ్ళం కదా, వ్యాకరణం కూడా నేనే సరిదిద్ది, "మేత్రాణులతో రెండు గుర్రాలు వస్తాయి!" అని ఊరు దద్దరిల్లేట్టు చాటా.

బావ ఎగిరెగిరి చేతులూపాడు. గుర్రాలు ఎంత ఎత్తుంటాయో చూపిస్తున్నాడనుకుని, "పెద్ద గుర్రాలు!" అన్నా. జనం చప్పట్లు కొట్టారు. ఒకాయన పచ్చిగడ్డి తానిస్తానని లేచాడు.

బావ మళ్ళీ రాసి చూపించాక సంగతి తెలిసి నేను దిద్దబోతే ఆ ఊరి పెద్దావిడ ఒప్పుకోలేదు. "గురువులైతే ఎప్పుడూ వచ్చేవాళ్ళేగా. గుర్రాలే కానివ్వండి" అంది. అక్కడి జనం హాస్యం అలాంటిది. వాళ్ళు నవ్వరు, మనం నవ్వి చావాలి. మజ్జిగ ఇచ్చారు, వేయించిన పచ్చిశనగలు ఇచ్చారు. మా వైపు చుట్టం వస్తే చేప కోసం మనిషిని పంపుతాం. ఇక్కడ ఇంట్లో ఏది ఉంటే అది, అడిగేలోపే చేతిలో ఉంటుంది.

తిరుగుదారిలో ఓ సంగతి గమనించా. ప్రతి ఇంటి ముందూ జనం బావని ఆపి ఏదో చెబుతున్నారు. కోడలి సంగతి, కోర్టు సంగతి, బర్రె ఈనిన సంగతి. ఆయన సైకిలు పట్టుకుని వింటున్నాడు. ఒకాయన చెప్పి చెప్పి కళ్ళు తుడుచుకుని, "మీతో మాట్లాడితే బరువు దిగిందండీ" అన్నాడు. బావ నావైపు అయోమయంగా చూశాడు. ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు మరి.

జగ్గయ్యపేట టీ కొట్టు

గురువారం బస్సులో చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట చేరాం. ఊరు నందిగామకన్నా పెద్దది, బజారు నిండా లారీలు, మిరపబస్తాలు. గుడి మాత్రం చిన్నది. ఎదురుగా మస్తాన్ గారి టీ కొట్టు. ఆయన బావని చూసి, "ఉపదేశిగారికి గొంతు పోయిందని విని రెండు రకాత్‌లు ఎక్కువ నమాజు చేశానండీ" అన్నాడు. "ఆదివారం మీ పాట వినపడకపోతే నాకు టీలో చక్కెర వేశానో లేదో గుర్తుండటం లేదు."

కొట్టు బయట ఓ చెక్కబల్ల ఉంది. నేను కూర్చోబోతే మస్తాన్ గారు, "కూర్చోండి, కూర్చోండి. ఆదివారమైతే ఆ బల్ల ఖాళీ ఉండదు. గరికపాడు రాహేలమ్మది" అన్నాడు.

బావ చటుక్కున తలెత్తాడు.

"మొగుణ్ణీ పిల్లల్నీ శుభ్రంగా తయారుచేసి తీసుకొస్తుందండీ. వాళ్ళని లోపలికి పంపి తనిక్కడ కూర్చుంటుంది. పూజ అయ్యేదాకా. వానొచ్చినా అంతే. పదిహేనేళ్ళ నుంచి చూస్తున్నా. లోపలికెళ్ళమ్మా అంటే, ఇక్కడికీ వినపడుతోందిగా అంటుంది." మస్తాన్ గారు మా గ్లాసులు కడుగుతూ, "పాటలన్నీ వచ్చు ఆమెకి" అన్నాడు.

బావ పలక తీసి ఏదో రాసి, చూపించకుండానే తుడిచేశాడు. ఆయన ముఖం చూస్తే, ఆ సంగతి పదిహేనేళ్ళలో మొదటిసారి వింటున్నట్టుంది. గుడిలోపల ముందుండి పాడే మనిషికి గుడి బయట బల్ల ఎలా కనపడుతుంది!

గరికపాడులో భోజనం

శుక్రవారం గరికపాడు. కృష్ణా జిల్లాకి అదే కొస, అవతల కోదాడ. రోడ్డు పక్కన వరసగా లారీలు. వాటి మధ్య తాటాకు పాక, అదే రాహేలు హోటలు. పేరు బోర్డు లేదు. లారీవాళ్ళకి అక్కర్లేదు.

అంతోని ఒకప్పుడు లారీ డ్రైవరు, ఇప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నాడు. మమ్మల్ని చూసి కళ్ళు తుడుచుకున్నాడు, ఉల్లిపాయలకో భయానికో. రాహేలు పొయ్యి దగ్గరుంది. పొడుగ్గా, నల్లగా, కొంగు నడుముకి చుట్టుకుని. పుట్టిల్లు కోదాడ అవతల కాబట్టి మాట అటు మాటే. పుట్టింటివాళ్ళది వేరే మిషను, అంటే క్రైస్తవులే గానీ మా గుడివాళ్ళు కారు.

"ముందు తినుండ్రి సారూ. తిన్నంక మాట్లాడుదురు" అంది. తర్వాత బావ పలక చూసి, "ఓహో, మాట్లాడరుగా! మంచిగనే ఉంది" అంది.

జొన్నరొట్టె, శనగపప్పు వేసిన వేటమాంసం, పచ్చి ఉల్లిపాయ. రొట్టె ఆమె చేత్తో కొడుతుంటే చప్పట్ల చప్పుడు. మా వైపు జొన్న ఎవరూ తినరు. నేను నాలుగు తిన్నా. కారం గురించి ఇక రాయను, ఏడుస్తూ తిన్నానని మాత్రం చెబుతా. భోజనం రూపాయిన్నర, మా దగ్గర తీసుకోలేదు.

చేతులు కడుక్కున్నాక బావ పలక మీద చక్కగా, గుండ్రంగా రాసి ఆమె ముందు పెట్టాడు. ఆమె చూసి, "నాకు చదువు రాదు సారూ" అంది.

నేను అందుకుని, "అమ్మా, ఆయన రాసింది..."

"మీరాగుండ్రి. ఆయన నాలుగుసార్లు వచ్చిండు. నాలుగుసార్లు పెళ్ళి గురించి, పాపం గురించి, నరకం గురించి చెప్పిండు. నేను నోరు తెరిస్తే ప్రార్థన చేద్దాం అని కళ్ళు మూసుకున్నడు. ఇయ్యాల నేను చెప్త." పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "మా పెద్దపిల్లకి నలభై దినాలు. మొదటిసారి మీ గుడికి వచ్చిన. తల నిండ పూలు పెట్టుకున్న, కొత్త చీర కట్టుకున్న. తెల్వక ముందు బల్ల మీద కూసున్న. ఉపదేశిగారు పాట నేర్పుతున్నడు. పాట ఆపి, అందరి ముందు, 'గుడిలో పెళ్ళి కానివాళ్ళు ముందు బల్ల మీద కూర్చోరాదు, వెనక్కి నడవండి' అన్నడు. ఎంత పెద్ద గొంతు! చంటిది ఉలిక్కిపడి ఏడ్చింది. వెనక్కి నడిచిన. వెనక కూడ ఆగలే. బయటికే పోయిన."

పాకలో లారీవాళ్ళు తినటం ఆపి వింటున్నారు. అంతోని కత్తిపీట ముందు తలొంచుకున్నాడు.

బావ పలక తుడిచి రాశాడు. నేను చదివా: "నాకు గుర్తు లేదమ్మా."

"గుర్తుండదు సారూ. అన్నోళ్ళకి అది ఒక్క ఆదివారం మాట. పడ్డోళ్ళకి పదిహేను ఏండ్లు."

బావ బలపం కింద పెట్టేశాడు. నేనే, "ఇప్పుడేం చెయ్యమంటారమ్మా?" అన్నా.

"యాడ అన్నడో ఆడనే, అందరి ముందు, తప్పయిందని అనాలె. అప్పుడు పెళ్ళికి వస్త."

"ఆయన మాట్లాడకూడదమ్మా, డాక్టరు వద్దన్నాడు. ఆయన రాసిస్తాడు, నేను చదువుతా. నా గొంతు గట్టిది, ఊరంతటికీ వినపడుతుంది."

ఆమె నన్ను జాలిగా చూసింది. "మీరెందుకు సారూ? మీరేం తప్పు చేసిండ్రు?"

శనివారం నందిగామలో

శనివారం నేను గుడి వెనక ఆటల పోటీలకి పిల్లల్ని సిద్ధం చేశా. గోనెసంచుల పరుగు, నెమ్మది సైకిలు, తాడు లాగుడు. ఒకవైపు నాటకం వాళ్ళు దావీదు రాజుకి కిరీటం అతికిస్తున్నారు. సిస్టర్లు రంగుకాగితాలు కత్తిరిస్తున్నారు. ఎవరు ఎదురైనా వచ్చే ఆదివారం మాటే. ఊరేగింపు ఏ వీధిలో తిరగాలి, భోజనాలకి సాంబారా పప్పుచారా. పప్పుచారు వర్గం గెలిచింది.

బావ మాత్రం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బలపం ముట్టుకోలేదు. నేను పక్కన చేరి, "బావా, ఆవిడకి నచ్చజెబుదాం. నెల ఆగమందాం. గొంతు బాగయ్యాక చెబుదువు" అన్నా. అడ్డంగా తలూపాడు. నెల ఆగితే మేత్రాణులు వచ్చి వెళ్ళిపోతారు. ఆ పిల్ల పక్కన తల్లి ఉండదు. డాక్టరు మాట తప్పితే ఆపరేషను. ఆపరేషనంటే గొంతు తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. గొంతు లేని ఉపదేశిని ఎవరు ఉంచుకుంటారు?

చివరికి పలక తీసి, మా అక్క బియ్యం ఏరుతుంటే ఆమె ముందు పెట్టాడు. "ఏం చెయ్యమంటావు?" అని ఉంది.

అక్క అది చదివి చేట పక్కన పెట్టింది. కాపురం మొదలయ్యాక ఆయన ఆ ప్రశ్న అడగటం అదే మొదలని నాకు తర్వాత చెప్పింది.

"గొంతు పోతే పోయింది" అంది. "మీరు గుడి తుడిచినా, గంట కొట్టినా మనకి గడుస్తుంది. ఆవిడ ఆ బల్ల మీద కూర్చుందని తెలిశాక మీరు పాడలేరు. వెళ్ళి చెప్పి రండి. జావ కాచి పోయటానికి నేనున్నాగా."

ఆదివారం పూజ

జగ్గయ్యపేట గుడి కిక్కిరిసింది. గరికపాడు సంగతి లారీల కన్నా ముందే ఊళ్ళోకి చేరింది. మస్తాన్ గారి బల్ల ఖాళీగా ఉంది. రాహేలు గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు, బయటా లేదు. తల్లో పూలు లేవు.

పూజ మొదలయ్యే ముందు ఫాదర్ గారు, "ఇన్నయ్య ఒక మాట చెప్పాలి" అని పక్కకి జరిగారు. బావ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. పలక ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు జరిగింది ఇది. ఎవరో లేచి కిటికీ రెక్కలు మూశారు. తల్లులు చంటిపిల్లల్ని రొమ్ముకి హత్తుకున్నారు. రోడ్డవతల మస్తాన్ గారి రేడియో ఆగిపోయింది. బావ పాట నడిపించిన ఇన్నేళ్ళలో ఆ గుడి అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదట.

"తప్పయిందమ్మా" అన్నాడు. రేగుకంప మీద గుడ్డ లాగినట్టుంది ఆ గొంతు.

"ఇనపడలే" అంది రాహేలు గుమ్మంలోంచి.

నాకు ఒళ్ళు మండింది. లేవబోతే అక్క నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. బావ ముందు నుంచి నడిచాడు. బల్లల మధ్యనుంచి, ఆవిడ ఆ రోజు నడిచిన దారినే, గుమ్మం దాకా వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "ఆ రోజు అందరి ముందు నిన్ను వెనక్కి పొమ్మన్నా. చంటిపిల్లతో ఉన్నావు. చూడలేదు. తప్పయిపోయింది తల్లీ." మాట మాటకీ మెడనరాలు లేస్తున్నాయి, కళ్ళల్లో నీళ్ళు. మూడో మాట మొదలెట్టబోయాడు.

రాహేలు చెయ్యి అడ్డం పెట్టింది. "ఇనపడ్డది, ఇనపడ్డది. ఇగ మాట్లాడకుండ్రి సారూ, గొంతు పోతది!" అంది, తిడుతున్నట్టు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆయన్ని దాటి, తిన్నగా ముందు బల్ల దాకా నడిచింది. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళు లేచి చోటిచ్చారు. ఆమె పెద్దకూతురు పరుగున వెళ్ళి తల్లి పక్కన ఇరుక్కుంది.

పాట మొదలెట్టాల్సింది నేను. నాకు శ్రుతి తెలియదు. మార్చింగు పాటలా అందుకున్నా. జనం నాలుగడుగులు నాతో నడిచి, జాలిపడి, వాళ్ళ దారిన వాళ్ళు చక్కగా పాడుకున్నారు.

సోమవారం పెళ్ళి

మూడు ఆదివారాలు గుడిలో చదవాల్సిన పెళ్ళి చాటింపుల మినహాయింపుకీ, వేరే మిషను వాళ్ళ పెళ్ళికీ ఫాదర్ గారు మేత్రాణుల అనుమతి ముందే తెచ్చి పెట్టుకున్నారు. ఎంత ఆశ ఉందో చూడండి. సోమవారం పొద్దున్నే పెళ్ళి. అంతోనికి ఎవరిదో కోటు తొడిగారు, చేతులు పొట్టివి. రాహేలు తల నిండా చామంతులు.

ఫాదర్ గారు అడిగారు, "అంతోనీ, ఈమెను నీ భార్యగా స్వీకరించటం నీకు ఇష్టమేనా?"

"ఇష్టమేనండీ" అన్నాడు, ప్రశ్న పూర్తి కాకముందే.

"రాహేలూ, ఇతన్ని నీ భర్తగా స్వీకరించటం నీకు ఇష్టమేనా?"

ఆమె తల్లో పూలు సర్దుకుంది. అంతోని వైపు తిరిగి కాలి నుంచి తల దాకా చూసింది, సంతలో ఎద్దుని చూసినట్టు. అంతోని నుదుటి మీద చెమట పట్టింది. ఫాదర్ గారు పుస్తకంలోంచి తలెత్తారు.

"జర ఆగుండ్రి ఫాదరూ" అంది రాహేలు. "అడగక అడగక అడిగిండ్రు. ఆలోచించుకోనిద్దురూ."

గుడంతా నవ్వింది. బావ రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. నవ్వులన్నీ ఆగేదాకా ఉండి, "ఇష్టమే" అంది. ఆ మాట మాత్రం చాలా మెల్లగా అంది.

బావని మర్నాడు బెజవాడ తీసుకెళ్తే డాక్టరు చెడామడా తిట్టి, ఇంకో పదిహేను రోజులు పొడిగించాడు. ఆపరేషను మాత్రం తప్పింది. అది అక్క ఉత్తరంలో తెలిసింది. నా సెలవు సోమవారంతో సరి. ఊరూరా నేను చాటిన ఆ పండగని నేను చూడలేదు.

కానీ పెళ్ళి భోజనం తిన్నా. గరికపాడు పాకలోనే పెట్టారు. మేం విస్తళ్ళ ముందు కూర్చున్నామో లేదో, హైదరాబాదు వైపు నుంచి ఓ లారీ వచ్చి ఆగింది. కొత్త డ్రైవరు, సంగతి తెలియదు. లోపలికొచ్చి మా వరసలోనే కూర్చున్నాడు. రాహేలు పట్టుచీర కొంగు నడుముకి చుట్టి, అతని విస్తట్లో రొట్టె, కూర వేసింది. అతను తింటూ చుట్టూ చూశాడు.

"ఏం పండగమ్మా ఇయ్యాల?"

"పెళ్ళి."

"ఎవరిది?"

"నాదే" అంది ఆమె. "ఇంకో రొట్టె వెయ్యనా?"